డప్పు నేర్చుకుంటున్న శాకాహారికి ఒక పాత పశువైద్య సహాయకుడి జవాబు

అమ్మా,

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మహబూబ్‌నగర్‌లో ఉంటున్నారు. మాంసం మానేసి రెండేళ్లయింది. దెబ్బతిన్న వీధికుక్కలకు వైద్యం చేయించే మిత్రబృందంలో ఉన్నారు. డప్పు వినబడితే చిన్నప్పటి నుంచీ మీకు కాళ్లు నిలవవు, మూడు నెలలుగా నేర్చుకుంటున్నారు కూడా. ఇప్పుడు స్నేహితులు ‘మేకను తిననంటావు, మేకతోలు మీద మాత్రం కొడతావు’ అని ఆట పట్టిస్తున్నారు. జాతరకు వెళ్తే ఒకపక్క పాట, ఒకపక్క బలి. వెళ్లాలా, మానాలా అని మీ సందేహం. చివర్లో, పెద్ద విషయమేమీ కానట్టు, మీరు సాధన మొదలుపెట్టగానే ఇంట్లో కుక్క మంచం కిందికి దూరి వణుకుతోందని రాశారు. మీరు రాసిన వాటన్నింటిలో నన్ను పట్టి ఆపిన వాక్యం అదే. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ముందు నేనెవరో చెప్పాలి. మాది నల్లగొండ జిల్లాలో గొర్రెలు కాసిన ఇల్లు. మా మేనమామ ఒగ్గుకథ చెప్పేవాడు. పన్నెండేళ్ల వయసుకే ఆయన వెనక నిలబడి తాళం వేశాను, ఆ తర్వాత డోలు పట్టాను. పశుసంవర్ధక శాఖలో ముప్పై ఏళ్లు సహాయకుడిగా పనిచేశాను, ఎక్కువ కాలం దేవరకొండ వైపు. మాంసం మానేసింది 1998లో. ఒక ఊళ్లో పగలంతా గొర్రెలకు టీకాలు వేశాం. రాత్రి మాకు భోజనం పెట్టారు. చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్తే గోడ పక్కన తలకాయ కనిపించింది. ఒక కొమ్ము విరిగి ఉంది. మధ్యాహ్నం ఆ పొట్టేలునే నేను కాళ్ల మధ్య ఇరికించుకుని సూది వేశాను. ఎవరూ నాకు ఉపదేశం చేయలేదు. ఆ రాత్రి మజ్జిగన్నం తిని లేచాను, అంతే.

పుట్టుకతో శాకాహారిని కాననే మాట ఎందుకు చెబుతున్నానంటే, మన ప్రాంతంలో ‘నేను మాంసం తినను’ అనగానే ఎదుటివాడి చెవికి ముందు కులం వినబడుతుంది, దయ తర్వాత వినబడుతుంది. అందులోనూ తోలు గురించి మాట్లాడితే ఇంకా తొందరగా వినబడుతుంది. నేను ఆ తప్పు చేశాను కాబట్టి తెలుసు.

మాంసం మానేసిన కొత్తలో నాకు మహా ఉత్సాహం. ఒక పెళ్లి ఊరేగింపుకు ముందు డప్పు కళాకారులు కందికట్టె మంట వేసి డప్పులు కాపుకుంటున్నారు. వాళ్లలో పెద్దాయన నాకు బాగా తెలుసు, వాళ్ల బర్రెకు నేనే వైద్యం చేశాను. ‘మేకతోలు లేకుండా డప్పు చేయలేరా?’ అని అడిగాను. గొంతులో కొంచెం పెద్దరికం కూడా ఉండి ఉంటుంది. ఆయన డప్పు మంట మీద తిప్పుతూనే అన్నాడు: ‘మేకను కోసినవాడు దుకాణంలో ఉన్నాడు. తిన్నవాళ్లు ఆ పందిట్లో ఉన్నారు. వాళ్లెవరినీ అడగకుండా, మిగిలిన తోలు ఏరుకున్న నన్నే అడుగుతున్నారు సారూ.’ నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

తరాల పాటు ఊళ్లో చచ్చిన పశువును మోయడం, తోలు తీయడం, శుద్ధి చేయడం డప్పు కొట్టే కులాలవాళ్ల నెత్తిన వేసింది ఊరే. ఆ తోలుతో చెప్పులు తొడుక్కుంది, మోట బొక్కెన కట్టించుకుంది, వాళ్లను మాత్రం ఊరవతల ఉంచింది. మీ పాలమూరులోనే చూడండి. కురుమూర్తి స్వామి జాతరలో ఉద్దాల ఉత్సవం ఉంది కదా. వడ్డెమాన్‌లో చర్మకారులు నిష్ఠగా కుట్టిన పాదుకలను ఊరేగింపుగా తీసుకెళ్లి వేంకటేశ్వరుడికి సమర్పిస్తారు. తోలు అంటరానిదైతే దేవుడి పాదాల దాకా ఎలా వెళ్లింది? అందుకే ‘తోలు వాద్యం పాపం’ అనే మాట మీ నోటి నుంచి మీ డప్పు గురువుగారి ముందు రాకూడదని నా గట్టి అభిప్రాయం. మీరు ఏ ఉద్దేశంతో అన్నా, అది ఆయన తాత ముత్తాతలు విన్న పాత మాటలాగే ఉంటుంది.

ఇక లెక్క సంగతి. డప్పుకు మేకతోలును నానబెట్టి, సున్నంతో వెంట్రుక ఊడదీసి, చెక్క పలకకు చింతగింజల జిగురు రాసి, తోలు సాగదీసి ఎండలో ఆరబెడతారు. జాగ్రత్తగా వాడితే ఒక మూత చాలాకాలం వస్తుంది. ఆ తోలు కోసమని ఎవరూ మేకను కోయరు. మాంసం ధర పక్కన తోలు ధర ఎంత? మా ఊరి దుకాణం వెనక గొర్రెతోళ్లు కొనేవాడు లేక కుళ్లిపోవడం నేనే చూశాను. డప్పు కొనడం మానేస్తే మేకలు బతుకుతాయనుకోవడం లెక్క తెలియని మాట. పెళ్లి భోజనంలో పదిమంది మటన్ బదులు పుంటికూర (గోంగూర) పప్పు తింటే అంతకన్నా ఎక్కువ తేడా వస్తుంది.

పాల సంగతి మీరు రాయలేదు, కానీ నేను రాయక తప్పదు. గేదె ఈనితేనే పాలు. పుట్టిన దూడల్లో ఇంచుమించు సగం మగవి. ట్రాక్టర్లు వచ్చాక దున్నపోతుతో రైతుకు పనిలేదు. దానికి పాలు వదలరు, గడ్డి సరిగా వేయరు. చాలావరకు నెలల్లోనే చస్తాయి, లేదా సంత మీదుగా కబేళాకు పోతాయి. మృదంగానికి ఆవు, గేదె, మేక మూడు తోళ్లూ కావాలి. బిగించే వార్లు గేదెతోలువే. అంటే మీ చాయ్‌లోని పాలకూ మృదంగం వారుకూ మధ్య దూరం మీరు అనుకున్నంత లేదు. నేను చాయ్ మానలేదు, మజ్జిగ అసలే మానలేదు. అందుకే ఇంకొకరి డప్పు తోలు మీద తీర్పు చెప్పే కుర్చీలో కూర్చోను. మీరు పాలు కూడా మానేసి ఉంటే మీ మాటకు నాకంటే బలం ఎక్కువ. కానీ ఆ బలం పందిట్లో తిన్నవాళ్ల మీద చూపించండి.

ఇదంతా విన్నాక కూడా ‘నా చేతికి తోలు వద్దు’ అనిపిస్తే అది మీ మనసుకు సంబంధించిన విషయం, అందులో తప్పులేదు. దారులున్నాయి. ఫైబర్ మూత వేసిన డప్పులు ఇప్పుడు అంతటా దొరుకుతున్నాయి. వానకు తడిసినా మెత్తబడవు, మంట మీద కాపే పనిలేదు. తోలు గాలిలో తేమ పీల్చుకుంటే వదులవుతుంది, కాపితే బిగుస్తుంది, ఆ బాధ దీనికి లేదు. నాదం మాత్రం వేరు. ఫైబర్ దెబ్బ సన్నగా, పదునుగా మోగి, ఆగకుండా గింగురుమంటుంది. లోపలివైపు అంచు దగ్గర చిన్న గుడ్డపట్టీ అంటిస్తే ఆ మోత తగ్గుతుంది. చిర్ర అనే పొట్టి కర్రతో కొట్టే దెబ్బ దాదాపు కుదురుతుంది, రెండో చేతిలోని సిటికెన పుల్ల పలికించే సన్నని మాటలు అంత బాగా రావు. దాన్ని దాచి చెప్పడం ఎందుకు? కార్యక్రమాల్లో చాలామంది కళాకారులు వానాకాలం ఫైబర్, మిగతా కాలం తోలు వాడుతున్నారు. కాబట్టి గురువుగారితో ‘నాకు ఫైబర్ డప్పు చూసిపెట్టండి’ అంటే సరిపోతుంది, కారణం చెప్పనక్కరలేదు.

శాస్త్రీయ సంగీతం వైపు వెళ్లే ఆలోచన ఉంటే, బెంగళూరుకు చెందిన ఇంజనీరు కె. వరదరంగన్ తోలు లేని మృదంగం రూపొందించారు. ఫైబర్‌గ్లాసు డొల్ల, కృత్రిమ మూతలు. కచేరీల్లో కూడా వాడిన విద్వాంసులున్నారు. వయొలిన్ కమానుకు గుర్రపు తోక వెంట్రుకల బదులు కృత్రిమ పోగులు దొరుకుతాయి. హార్మోనియం కొనేటప్పుడు తిత్తి మూలలకు తోలా, రెగ్జినా అని అడగండి. అసలు చర్మమే లేని వాద్యాలకు మనకు కొదవ ఉందా? చిడతలు, చెక్కలు, తాళాలు, ఘటం, మోర్సింగ్, వేణువు. మా పక్క ఊరి చెక్కభజన బృందం ఊపందుకుంటే డోలు లేదని ఎవరికీ గుర్తుండదు.

కానీ ఒక్క చోట మాత్రం నేను మెత్తగా మాట్లాడను. అడవి జంతువు ఒంటి భాగం ఉన్న వాద్యం కొనకండి, బహుమతిగా ఇచ్చినా తీసుకోకండి. కంజీర అనే చిన్న చేతివాద్యానికి పాత పద్ధతిలో ఉడుము చర్మం వేస్తారు. ఉడుము 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో, అంటే అత్యధిక రక్షణ ఉన్న జాబితాలో ఉంది. ఇలాంటి నేరానికి మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు. మేకతోలు కంజీర, కృత్రిమ మూత కంజీర రెండూ ఉండగా ఉడుము ఎందుకు? మీ ప్రాంతపు తీగవాద్యం కిన్నెర సంగతీ ఇంతే. నాగర్‌కర్నూల్ జిల్లా దర్శనం మొగులయ్యగారికి 2022లో పద్మశ్రీ వచ్చాక ఆ పన్నెండు మెట్ల కిన్నెర అందరికీ తెలిసింది. ఆయన పాలమూరు జానపద వీరుడు పండుగ సాయన్న కథ పాడుతుంటే ఎదురుగా కూర్చుని వినాలి, రికార్డింగులో ఆ జీర సగమే వస్తుంది. సొరకాయ బుర్రలు, వెదురు, తేనెమైనంతో చేసే ఆ వాద్యానికి పూర్వం మెట్లు అలుగు (పాంగోలిన్ అనే అడవి జంతువు) పొలుసులతో అమర్చేవారు. నల్లమలలో అలుగు కనిపించడమే అరుదు, అదీ మొదటి షెడ్యూలు జంతువే. మెట్టుకు కావలసింది తీగ ఆనడానికి గట్టి అంచు ఒక్కటే. దానికి అలుగును చంపనక్కరలేదు. ఎవరైనా ‘అసలైన పాత పద్ధతి కిన్నెర’ అని మురిపిస్తూ అమ్మజూపితే మెట్లు దేనివో అడగండి.

ఇప్పుడు జాతర. వెళ్లండి. నేను వెళ్తాను. 2025 ఫిబ్రవరిలో సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరకు వెళ్లాను. రెండేళ్లకోసారి మాఘమాసంలో జరుగుతుంది. గజ్జెల లాగులు కట్టుకుని, భేరీలు మోగిస్తూ, ‘ఓ లింగా ఓ లింగా’ అంటూ గుట్ట ఎక్కుతుంటే, శాకాహారి అయినా ఎవరైనా ఒళ్లు పులకరించకపోతే వాళ్లకు చెవులున్నట్టు నేను ఒప్పుకోను. ఆ గుట్ట మీద ఒక విచిత్రం ఉంది. లింగమంతుల స్వామి శాకాహారి. ఆయనకు నైవేద్యంలో మాంసం ఉండదు. గొర్రెపోతులు అక్కడే ఉన్న అమ్మవారు చౌడమ్మకు. ఇద్దరికీ భేరీ ఒకటే, భక్తులూ ఒకటే. కాబట్టి ‘మన సంప్రదాయంలో బలి లేకుండా పూజ లేదు’ అన్నవాళ్లకు మీరు కొత్త దేవుణ్ని చూపించనక్కరలేదు, ఆ గుట్ట మీదే ఉన్న స్వామిని చూపించవచ్చు.

చట్టం మీద మాత్రం ఎక్కువ ఆశ పెట్టుకోకండి. గుడి ఆవరణలో జంతువులను, పక్షులను బలి ఇవ్వకూడదని తెలంగాణలో 1950 నాటి చట్టం ఉంది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 28వ సెక్షను మాత్రం మతాచారం ప్రకారం చంపడం ఆ చట్టం కింద నేరం కాదంటుంది. ఈ రెండింటి మధ్య, లక్షలమంది జనం నడుమ, కానిస్టేబులు ఏం చేస్తాడు? ఒకసారి ఒక యువజన బృందం రక్తం కారుతున్న మేకల బొమ్మల అట్టలు పట్టుకుని ఒక గ్రామజాతరకు వచ్చింది. మధ్యాహ్నానికి అట్టలు చిరిగాయి, ఒకబ్బాయి పెదవి కూడా చిట్లింది. ఆ సాయంత్రం బలులు ఏటికన్నా ఎక్కువే జరిగాయి, పంతానికి. నేను అక్కడే ఉన్నాను, ఆ అబ్బాయికి పసుపు పెట్టింది నేనే.

నాకు పనికొచ్చిన పని వేరే. మొదటిది, బలికి ముందు జరిగే హింస. మేకల కాళ్లు కట్టి ఆటో ట్రాలీలో ఒకదాని మీద ఒకటి పడేసి, ఎండలో గంటలు గంటలు నిలబెడతారు. చంపడం మొక్కు కావచ్చు, దాహంతో నాలుక బయటపెట్టించడం ఎవరి మొక్కూ కాదు. ఇది చెబితే గొర్రెల కాపరి కాదనడు, వాడికి నాకంటే బాగా తెలుసు. మేం నలుగురం దారిలో రెండు తొట్లు, ఒక నీటి ట్యాంకరు, పైన గోనెపట్టా కప్పిన పందిరి పెడతాం. గొంతు తడిసిన గొర్రెను చూసి కాపరి కూడా కూర్చుంటాడు, మాట కలుస్తుంది. రెండేళ్ల క్రితం అలా కలిసిన ఒక కుటుంబం ఈసారి పొట్టేలును కోయకుండా గుడి చుట్టూ తిప్పి ఇంటికి తోలుకుపోయింది. ఒక్క కుటుంబమే. గొప్పలు చెప్పుకోవడానికి ఇంకొకటి లేదు.

రెండోది, వంట. ఇది మీలాంటి సంగీతప్రియులకు చేతికందే పని. మా వైపు మల్లన్న పట్నాలు (దేవుడి పేర వేసే రంగుల ముగ్గులు) వేసి రాత్రంతా కథ చెప్పిస్తే కళాకారులకు, చుట్టాలకు రాత్రి భోజనం ఉండాల్సిందే, అందులో మటన్ ఉండాల్సిందే అనేది అలవాటు. పసుపు, కుంకుమ, బియ్యప్పిండితో వేసిన పట్నంలో మాంసం ఎక్కడా లేదు, పట్నం వెనక గిన్నెలో ఉంది. నేను కథ వద్దనను, మటన్ వద్దని కూడా అనను. కథ పెట్టించేవాళ్ల దగ్గరికి నెల ముందే వెళ్లి ‘ఆ రాత్రి భోజనం ఖర్చు నాది’ అంటాను. ఖర్చు పెట్టేవాడిదే వంటకం. జొన్నరొట్టె, గుత్తి వంకాయ, పుంటికూర పప్పు, పచ్చిపులుసు, సర్వపిండి, సేమియా పాయసం. మొదటిసారి కళాకారులు ముఖం ముడిచారు. నూనె బాగా పోసి, మసాలా తగ్గించకుండా వండించాను. శాకాహారం పేరుతో చప్పటి కూర వడ్డించేవాళ్లే మన ఉద్యమానికి అసలు శత్రువులు! నాలుగోసారి నుంచి మా డోలు కళాకారుడే ‘సారు పెట్టే భోజనం అయితే రాత్రి మూడింటికి కూడా గొంతు బరువెక్కదు’ అని చెప్పుకుంటున్నాడు. ఇప్పటిదాకా అలాంటివి పంతొమ్మిది రాత్రులు జరిగాయి. రాత్రికి రెండు మేకలనుకుంటే మీరే లెక్కేసుకోండి. ఆ రాత్రులన్నింటా డోలుకు ఉన్నది మేకతోలే.

మీ సొంత తిండి గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. రాత్రి కార్యక్రమాలకు వెళ్లేటప్పుడు రెండు జొన్నరొట్టెలు, పల్లీల కారం కట్టుకెళ్లండి. పల్లీల కారం సంగతి పాలమూరు మనిషికి నేను చెప్పాలా? ఎగతాళి చేసే స్నేహితులకు జవాబివ్వకండి, ఒక రొట్టె ఇవ్వండి.

ఇక మీ కుక్క. మీ సంగీతం వల్ల ఇప్పుడు, ఈ వారం, నిజంగా బాధపడుతున్న జంతువు అదొక్కటే. మనకు వినబడని పైస్థాయి ధ్వనులు కూడా కుక్కకు వినబడతాయి, మనకు మామూలుగా ఉన్న దెబ్బ దానికి నాలుగు గోడల మధ్య పిడుగు. పైగా వీధిలోంచి తెచ్చిన కుక్క అంటున్నారు, అది టపాకాయల రాత్రులు ఎన్ని చూసిందో. ముందు ఒక వారం ఇంట్లో సాధన ఆపండి. డాబా మీదో, ఊరవతలో చేసుకోండి. తర్వాత డప్పును మోగించకుండా నేల మీద పెట్టి దాని మీదే అన్నం గిన్నె ఉంచండి, వాసన చూడనివ్వండి. ఆ తర్వాత మూత మీద మందపాటి దుప్పటి కప్పి, అది తింటున్నప్పుడు దూరపు గదిలోంచి వేలితో నాలుగు దెబ్బలు. చెవులు వెనక్కి వాల్చినా, ఆవులించినా, పెదవులు నాకినా ఆపేయండి, అవి భయం గుర్తులు. రోజుకు అయిదు నిమిషాలు మించవద్దు. దుప్పటి మడతలు ఒక్కొక్కటే తీయండి, గదులు ఒక్కొక్కటే దగ్గరవ్వండి. కట్టేసి అలవాటు చేయాలని మాత్రం చూడకండి, మంచం కింద చోటు ఎప్పుడూ ఖాళీగా ఉంచండి. కొన్ని కుక్కలకు ఎన్నటికీ అలవాటు కాదు. అప్పుడు ఇల్లు దానిది, డాబా మీది. ఊరేగింపులకు, ముఖ్యంగా డీజే పెట్టెలున్న చోటికి, దాన్ని తీసుకెళ్లే ఆలోచనే వద్దు. రాత్రి పది దాటాక మీ వీధిలో డీజే మోగుతుంటే 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనలు మీ పక్షాన ఉన్నాయి, పోలీసులకు ఫోను చేయండి. మేకల విషయంలోలాగా అక్కడ సందిగ్ధమేమీ లేదు.

మా ఇంట్లో ఉన్న కుక్కకు డోలు అలవాటు కావడానికి నాలుగు నెలలు పట్టింది. హార్మోనియం మాత్రం ఇప్పటికీ సహించదు, తిత్తి తెరవగానే లేచి వాకిట్లోకి పోతుంది. నా శ్రుతి మీద దానికేదో అభిప్రాయం ఉన్నట్టుంది. మీదాని సంగతి ఒక నెల తర్వాత రాయండి.